‘కనుగొన్నవారు’ అనే గడి

2022 ఫిబ్రవరి రెండో వారంలో నన్ను సామర్లకోట క్యాంపుకి వేశారు. అప్పటికి రెండేళ్ళుగా రాజమండ్రి కేంద్రంగా నడిచే ఒక పురావస్తు సర్వే ప్రాజెక్టులో డ్రోన్ సర్వే టెక్నీషియన్‌గా ఉన్నాను. ఒప్పంద ఉద్యోగం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా, ఆ తర్వాత డ్రోన్ పైలట్ లైసెన్సు నా అర్హతలు. ఒప్పందం ముగిశాక ఆ రంగం వదిలేశాను. ఇప్పుడు రొయ్యల చెరువులు కొలిచే ప్రైవేటు పనిలో ఉన్నాను. ముప్పై రెండేళ్ళకే జ్ఞాపకాలేమిటని నవ్వేవారుంటారు. కానీ ఆ పని ఎలా జరుగుతుందో అడిగేవారు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

మాకు అప్పగించింది పెద్దాపురం వైపు మెట్టలో నలభై ఎకరాల భూమి. అక్కడి గట్ల మీద నిలువెత్తు రాళ్ళు పోగులుగా పడి ఉన్నాయి. ఊళ్ళో వాటిని రాకాసి రాళ్ళంటారు. ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన కాలంలో సమాధుల చుట్టూ ఇలాంటి రాళ్ళని వలయంగా పాతేవారు. కొన్నిచోట్ల ఆ వలయం చుట్టూ కందకం కూడా తవ్వేవారు. ముందు నాగళ్ళు, తర్వాత ట్రాక్టర్లు ఆ రాళ్ళని కదిల్చి గట్టెక్కించాయి. కందకాలు పూడిపోయాయి. ఇప్పుడు చేలో నిలబడి చూస్తే దున్నిన మట్టి తప్ప ఏమీ కనబడదు. పైనుంచి చూస్తే కనబడవచ్చు. పూడిన కందకంలో మట్టి మెత్తగా ఉంటుంది, తేమ పట్టి ఉంచుతుంది, దాని మీద పైరు ఏపుగా వస్తుంది. గట్టిపడిన నేల మీద గిడసబారుతుంది. ఆ తేడా ఫొటోలో గీతగా పడుతుంది. ఆ గీతని పట్టుకోవడమే నా పని.

క్యాంపులో ముగ్గురం. ఇన్‌ఛార్జి మూర్తి గారు, అసిస్టెంట్ ఆర్కియాలజిస్ట్. సర్వేయర్ పద్మజ గారు. మూడోవాణ్ణి నేను. పద్మజ గారు నాకంటే ఏడాది వెనక చేరారు. హోదాలో ఇద్దరం సమానమే. అయినా మూర్తి గారు ఏ కాగితం చేతిలోకి తీసుకున్నా మొదటి మాట “పద్మజ చూసిందా?” అనేవారు. క్యాంపు మొదలైన రెండు వారాల్లో ఆ మాట పదిహేడు సార్లు విన్నాను. అలాంటివి లెక్కపెట్టే అలవాటు నాకుంది. ఊళ్ళోవాళ్ళ తీరూ అంతే. ఆమె దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ యంత్రం భుజాన వేసుకుని వెళ్తే పిలిచి జామకాయలిచ్చేవారు. నేను వెళ్తే దారి చూపించేవారు.

మేము కనిపెట్టే ప్రతి స్థలానికీ ఒక నమోదు పత్రం ఉంటుంది. ఊరు, సర్వే నంబరు, యజమాని, మొదటి ఆధారం, దాని తేదీ, జరిగిన నష్టం, దాని తేదీ, చివరికి ‘కనుగొన్నవారు’. ఆ చివరి గడిలో ఒక్క పేరే పడుతుంది. పొడవు నాలుగు సెంటీమీటర్లు. దాన్నీ కొలిచాను. ఆ పత్రానికి పైనుంచి తీసిన చిత్రం, నేల మీద గీసిన ప్లాను జతచేసి తహసీల్దారుకి పంపితే, ఆయన ఆ భూమిలో తవ్వకాలు ఆపమని నోటీసు ఇస్తారు. మూడింటిలో ఏది తగ్గినా నోటీసు రాదు.

ఫిబ్రవరిలో చేలో మినుము ఉంది. నేను వరసలు వరసలుగా డ్రోన్ ఎగరేసి, ఒక ఫొటో మీద ఇంకో ఫొటో ముప్పాతిక వంతు పడేలా తీసి, అన్నిటినీ కంప్యూటర్‌లో కుట్టి ఒకే చిత్రం చేశాను. అందులో చేనుకి దక్షిణం వైపు చెక్కలో పన్నెండు మీటర్ల వలయం స్పష్టంగా ఉంది. పైరు పసుపు రంగుకి తిరిగి, గుండ్రంగా, మధ్యలో ఒక చుక్క. ఆ సాయంత్రమే పత్రం నింపాను. చివరి గడిలో నా పేరు పెన్సిల్‌తో రాసుకున్నాను.

మూర్తి గారు చిత్రం చూసి బాగుందన్నారు. తర్వాత పద్దెనిమిదో సారి ఆ మాట అన్నారు.

మర్నాడు పద్మజ గారు చేనుకి వెళ్ళి రైతుతో పాటు తిరిగొచ్చారు. ఆయన సత్తిబాబు గారు, ఏభై దాటిన మనిషి, మెట్టంతా తన ట్రాక్టరు తనే నడుపుతారు. నా చిత్రాన్ని ల్యాప్‌టాప్‌లో అటూ ఇటూ తిప్పించి చూశారు.

“ఇదేంటండి, మా కళ్ళమండి ఇది. మా నాన్న గుంజ పాతి బంతి తిప్పేవోడు. రాకాసులు కాదండి బాబూ, మా గిత్తలు తొక్కిన నేలండి.”

కొన్ని తరాలపాటు నూర్పిడికి ఎడ్లు ఒకే చోట గుంజ చుట్టూ తిరిగి తొక్కితే నేల అడుగుదాకా బిగుసుకుపోతుంది. కళ్ళం పోయి ముప్పై ఏళ్ళైనా దాని మీద పైరు ఎదగదు. గిడసబారిన పైరంటే గట్టి నేల అని నేనే పది మందికి చెప్పేవాణ్ణి. కందకమైతే పైరు ఏపుగా ఉండాలి. వలయం కనబడగానే ఆ సంగతి మరిచిపోయాను. మూర్తి గారు నవ్వారు. పద్మజ గారు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆమె అక్కడితో ఆగలేదు. మినుము తీసేశాక సత్తిబాబు గారు దుక్కికి దిగిన రోజు ట్రాక్టరు వెనకే నడిచారు. అడుగున రాయి తగిలే చోట ఆయన గొర్రు పైకి ఎత్తేస్తారు. ఏళ్ళ అలవాటు, చూడకుండానే ఎత్తుతారు. ఎత్తిన ప్రతిచోటా ఆమె ఒక పుల్ల పాతారు. ఉత్తరం చెక్కలో తొమ్మిది పుల్లలు పడ్డాయి. దుక్కి అయ్యాక గట్టెక్కి చూస్తే అవి అర్ధచంద్రాకారంలో వంగి ఉన్నాయి. సత్తిబాబు గారు గట్టు మీద నిలబడి, ఇన్నేళ్ళు దున్నాను గానీ ఇది గుండ్రంగా ఉందని నాకే తెలియదమ్మా అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆ ఉపాయం నాకెందుకు తట్టలేదా అని కడుపు మండింది. దానికి డ్రోన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. తొమ్మిది పుల్లలు చాలు.

మూర్తి గారు మెచ్చుకున్నారు గానీ, పుల్లలు చూసి తహసీల్దారు నోటీసు ఇవ్వరన్నారు. మిగతా సగంలో పై రాళ్ళు ఎప్పుడో గట్టెక్కాయి కాబట్టి, లోతున ఏమైనా ఉన్నా అక్కడ గొర్రుకి తగలదు. పూర్తి వలయం కనబడే చిత్రం కావాలి. తొందర కూడా ఉంది. సత్తిబాబు గారు ఆ చెక్కలో ఆయిల్ పామ్ వేయబోతున్నారు. జేసీబీ పెట్టి గుంతలు తీయించాలి. జేసీబీ ఉగాదికి గానీ ఖాళీ అవదని ఆయనే చెప్పారు.

మార్చిలో ఒక రాత్రి అకాల వాన పడింది. తెల్లవారి ఎండ ఎక్కుతుండగా డ్రోన్ ఎగరేశాను. తడిసిన దుక్కి ఆరేటప్పుడు పైమట్టి త్వరగా తెల్లబడుతుంది, కందకం పూడిన చోట నలుపు ఇంకా నిలుస్తుంది. ఆ తేడా రెండు మూడు గంటలే ఉంటుంది. డ్రోన్ పెట్టెలో సర్దుతుంటే పద్మజ గారు వచ్చారు.

“ఆరేటప్పుడు ఏమైనా కనబడిందాండి?”

ఇంకా ప్రాసెస్ చేయలేదన్నాను. అప్పటికి అది నిజం.

సాయంత్రం లాడ్జిలో కుట్టిన చిత్రం తెరిచాను. ఉత్తరం చెక్కలో ముప్పై మీటర్ల నల్లటి వలయం పూర్తిగా ఉంది. తూర్పున కందకం తెగి, లోపలికి నడిచి వెళ్ళే దారి కూడా కనబడుతోంది. పడమటి సగం సరిగ్గా ఆమె పుల్లల పక్కనుంచి పోతోంది. మా ప్రాజెక్టులో ఎవరూ అలాంటి చిత్రం తీయలేదు. పది నిమిషాలు సంతోషంగా ఉన్నాను. తర్వాత రేపు మూర్తి గారు ఏమంటారో ఆలోచించాను. పద్మజ పుల్లలు నిజమేనోయ్ అంటారు. నా వలయం ఆమె పుల్లలకి సాక్ష్యం అవుతుంది, అంతే.

నెలాఖరుకి రాజమండ్రిలో సమీక్ష ఉంది. డిప్యూటీ డైరెక్టర్ గారు వస్తారు. అక్కడ అందరి ముందూ, ఎవరి పుల్లల ప్రస్తావనా లేకుండా తెర మీద చూపిద్దామనుకున్నాను. ఉగాది ఆ తర్వాతే. లెక్క సరిపోయింది.

మధ్యలో ఆమె మూడుసార్లు అడిగారు. మొదటిసారి ల్యాప్‌టాప్ వేడెక్కుతోందన్నాను. రెండోసారి సాఫ్ట్‌వేర్ గడువు అయిపోయిందన్నాను. మూడోసారి కంట్రోల్ పాయింట్లు, అంటే కొలతలు సరిచూసుకోవడానికి నేల మీద పరిచే గుర్తు పలకలు, సరిగా కుదరలేదన్నాను. ఆ పలకల కొలతలు తీసింది ఆమే. ఆమె తన పుస్తకం తీసి, చెట్టు నీడలో కూర్చుని, అన్నీ మళ్ళీ కూడి చూసుకున్నారు. తప్పు దొరకలేదన్నారు.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకి సత్తిబాబు గారు పద్మజ గారికి ఫోన్ చేశారు. జేసీబీ వేరేచోట పని ఆగిపోయి ముందే ఖాళీ అయిందట. పొద్దున్నే దింపారట. బకెట్‌కి వరసగా రాళ్ళు, కింద కుండపెంకులు తగులుతుంటే ఆయనే ఆపించారు. మేం వెళ్ళేసరికి తూర్పు వైపంతా గుంతలు. దారి ఉన్నచోట మనిషి లోతు గొయ్యి, దాని పక్కన అడ్డంగా పడిన నాలుగు రాళ్ళు.

“ఒక్క ముక్క చెప్తే ఆపేసేవోణ్ణి కదమ్మా. ఇది ఇక్కడిదాకా ఉందని మీరూ అనలేదు,” అన్నారు సత్తిబాబు గారు.

“మాకూ తెలియదండి,” అన్నారు పద్మజ గారు.

నేను ఆ పక్కనే ఉన్నాను.

క్యాంపుకి వచ్చి చిత్రం ఆమెకి ఇచ్చాను. ఇప్పుడే అయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె వలయాన్ని చాలాసేపు చూశారు. తర్వాత ఫైలు వివరాలు తెరిచి, తయారైన తేదీ చూశారు.

“తొమ్మిది రోజులైందండి,” అన్నారు.

సాయంత్రందాకా కూర్చుని ప్లాను గీశారు. పడమర నిండు గీత, తూర్పున చుక్కల గీత. చుక్కల గీత అంటే మా భాషలో ఉండేది, ఇప్పుడు లేదు అని అర్థం. తర్వాత పత్రం నింపి నా ముందు పెట్టారు. ‘కనుగొన్నవారు’ గడిలో నా పేరు ఇంకుతో ఉంది. ఇది మీరు పుల్లలతో పట్టుకున్నది కదా, మీ పేరే ఉండాలన్నాను. ఆ చిత్రం కుట్టాక ఆమెతో నేనన్న మొదటి నిజాయితీ గల మాట అది.

“పుల్లలు ఆధారం కిందికి రావండి. మొదటి ఆధారం ఎవరిదైతే వాళ్ళ పేరే రాయాలండి. రూలు మీకు తెలిసిందే కదా.”

మొదటి ఆధారం గడిలో నేను ఎగరేసిన రోజు తేదీ రాశారు. దాని పక్క గడిలో నష్టం జరిగిన తేదీ. మూర్తి గారు చదివారు. ఆ రెండు తేదీల మీద ఆయన పెన్ను కాసేపు ఆగింది. ఈసారి పద్మజ చూసిందా అని అడగలేదు. సంతకం పెట్టారు.

నోటీసు వారం లోపే వచ్చింది. సత్తిబాబు గారు మిగిలిన సగాన్ని వదిలి మొక్కలు వేసుకున్నారు. పత్రం ఇప్పటికీ ఆ ఫైల్లోనే ఉంటుంది. చదివినవాళ్ళకి మొదట ఆ రెండు తేదీలు, వాటి కింద నా పేరు కనబడతాయి.

ఆ క్యాంపు తర్వాత పని పద్ధతిలో ఒకే ఒక మార్పు చేసుకున్నాను. ఏ రోజు తీసిన చిత్రాలు ఆ రోజే, కుట్టకముందే, తెరవకముందే, అందరికీ అందే ఫోల్డరులో వేసేస్తాను. చెరువుల దగ్గరా అంతే. చూశాక వేద్దామనుకుంటే, చూశాక వేయాలనిపించకపోవచ్చు.