మణెమ్మ గడియ తీసిన రోజు

కలిదిండి దగ్గర కాలనీలో ఉండే మణెమ్మకు శవాల సినిమాలంటే ప్రాణం. చచ్చినవాళ్ళు లేచొచ్చి బతికున్నవాళ్ళను కరిచే డబ్బింగు సినిమాలు. ఆకివీడు రొయ్యల షెడ్డులో పని దిగి, దారిలో సీడీ అద్దెకు తెచ్చుకునేది.

"పగలంతా రొయ్యల తలలు తీస్తావు, సాయంత్రం మనుషుల తలలు ఎగిరితేగానీ ముద్ద దిగదా వదినా?" అనేది పక్కింటి సువర్ణ. అంటూనే వచ్చి టీవీ ముందు కూర్చునేది.

మణెమ్మ శవాలను పెద్దగా పట్టించుకునేది కాదు. చూపంతా తలుపు మీదే. లోపల కొందరు దాక్కుంటారు, బయట ఎవరో తలుపు బాదుతారు. "తియ్యకే. నీ జాలితో అందర్నీ చంపేస్తావు" అని తలుపు తియ్యబోయే తెరమీది పిల్లను తిట్టేది.

"అంత కఠినమైతే ఎలాగండీ?" అన్నాను ఒకసారి, నేనూ వాళ్ళతో కూర్చుని చూస్తూ.

"ఒక్కడి కోసం ఇంతమందిని పోగొట్టుకుంటారాండీ?" అని నన్నే అడిగింది.

రెండువేల అయిదో సంవత్సరం వానలకు కొల్లేరు పొంగింది. కాలనీలో నిలిచిన నీళ్ళు డ్రెయినులోకి పోవాలంటే వెంకట్రాజుగారి చేపల చెరువు గట్టు కొట్టాలి. అడగబోయినవాళ్ళను ఆయన కర్రలతో తరిమించారు. చేపలు పోకుండా గట్టు చుట్టూ వల కట్టిస్తూ, భార్యతో సహా చెరువు మీదే ఉండిపోయారు. మర్నాడు వరద గట్టునూ, వలనూ, కాలనీనీ కలిపి ముంచేసింది.

కాలనీకంతా డాబా మణెమ్మది ఒక్కటే. జనం దానిమీదికి ఎక్కారు. "పాత స్లాబు. ఇంకొక్కరెక్కినా దిగిపోద్ది" అన్నాడు తాపీమేస్త్రి బెంజమిన్. మెట్ల పైనున్న రేకు తలుపుకు మణెమ్మే గడియ పెట్టింది.

కాసేపటికి బయట గొంతు వినిపించింది. "వెంకట్రాజునండీ. మా ఆవిడ నిలబడలేకపోతోంది."

"తియ్యకు వదినా. వల కట్టుకున్నారుగా, అందులో కూర్చోమను" అంది సువర్ణ. ఒక్కరూ కాదనలేదు.

మణెమ్మ గడియ తీసింది.

ఎందుకు తీశారని తర్వాత అడిగాను. "సినిమాల్లో తలుపు బాదుతారండీ. ఆవిడ గోళ్ళతో గీకిందండీ, బాదే ఓపిక లేక. అంతకన్నా నాకూ తెలీదు."

గడియ తియ్యగానే రాజుగారు భార్యను పట్టుకుని డాబా మీదికి వచ్చారు. బెంజమిన్ తిట్టుకుంటూనే, "నడిమధ్యన ఎవరూ ఉండొద్దు. బరువు కింది గోడల మీదికి రావాలి" అని అరిచాడు. ఆ డాబాకు పిట్టగోడ లేదు. అంచు దాటితే వరదే. అయినా అందరికంటే ముందు సువర్ణ అంచుకు జరిగింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ జరిగి, వానలో అంచుల వెంబడి వరసగా నిలబడ్డారు. ఖాళీ అయిన మధ్యలో రాజుగారి భార్యను పడుకోబెట్టారు.

"పడుకోండమ్మగారూ. మీరొక్కరే అయితే స్లాబుకేం కాదు" అన్నాడు బెంజమిన్.

"నేను గడియ తీశానంతేనండీ. నిలబడింది వాళ్ళు" అంటుంది మణెమ్మ.

వెంకట్రాజుగారు కూడా అంచునే నిలబడి, అలిసిపోయి ముందుకు తూలారట. సువర్ణ ఆయన చొక్కా వెనకనుంచి ఒడిసిపట్టుకుంది. "చూసుకోండి రాజుగారూ. పడ్డారంటే మీ చేపలే మిమ్మల్ని తింటాయి" అంది.

పడవలు వచ్చేసరికి పొద్దు వాలింది. అప్పటిదాకా ఆమె ఆ చొక్కా వదల్లేదు.