ఎడమచేతి చీటీ

తొంభైలు ముగుస్తున్న ఆ కాలంలో మా విశాఖపట్నంలో ఏ ఆఫీసుకైనా కొత్త ఇంగ్లీషు మాట ఒకటి వచ్చిందంటే, దాని వెనకే ఒక ఫారం కూడా వచ్చేది. మాకు వచ్చిన మాట ‘రూట్ కాజ్’. పోర్టులో ఓడల నుంచి బొగ్గు దింపించే ఒక చిన్న కంపెనీలో నేను షిఫ్టు అసిస్టెంటుని. మా ముత్తాతగారికి పన్నెండు గ్రామాలూ ఒక ఏనుగూ ఉండేవట. నా దాకా వచ్చినవి ఒక వెండిపొన్ను కర్ర, నిటారైన వెన్ను. (కర్ర కూడా తరవాత మా చిన్నాన్న పట్టుకుపోయాడు.) అందుచేత బొగ్గు యార్డుకి సైతం తెల్లచొక్కాతోనే వెళ్లేవాణ్ణి. పనివాళ్లు నాకు ‘దివాణం’ అని పేరు పెట్టారు. అది గౌరవమని చాలాకాలం నమ్మాను.

ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను ద్వారకా నగర్‌లో ఒక హోటలు మేడమీద మూడు రోజుల శిక్షణకి పంపారు. టై కట్టుకున్న ఒకాయన అక్కడ చెప్పింది ఇంతే: ఏదైనా పాడైతే ఎందుకని అడగాలి, వచ్చిన జవాబుని పట్టుకుని మళ్లీ ఎందుకని అడగాలి. అలా ఐదోసారికి అన్నిటికీ అడుగున ఉన్న అసలు కారణం తగులుతుంది, అదే రూట్ కాజ్. తిరిగొచ్చి అందరికీ బోధించాను. వారం తిరక్కుండా మాట యార్డంతా పాకింది. క్యాంటీనులో టీ చల్లారినా రూట్ కాజే, గుమస్తాగారి అల్లుడు అలిగి వెళ్లినా రూట్ కాజే. బొగ్గు మోసే బెల్టు రోలర్లకి గ్రీజు పెట్టే కాంట్రాక్టు మనిషి ఒకడుండేవాడు. వల వదిలి యార్డుకొచ్చిన జాలరి, అందరికీ ‘గ్రీజుబావ’. అతనొక్కడే నా ఉపన్యాసం చివరిదాకా విని, “అంటే ఏటి బాబూ, ఎవుడో ఒకడు దొరికీదాకా తవ్వడవేనా?” అన్నాడు. మనిషి కోసం కాదు, కారణం కోసం తవ్వుతామని విసుగ్గా సరిదిద్దాను.

కొన్నాళ్లకి ఒక పొద్దున్న గ్రీజు డ్రమ్ము అయిపోయిందని అతను నా దగ్గరికి వచ్చాడు. చీటీ మీద నా సంతకం ఉంటేగాని స్టోరువాళ్లు కొత్త డ్రమ్ము ఇవ్వరు. కుడిచెయ్యి మోచేతి దాకా గ్రీజు. అందుకని శుభ్రంగా ఉన్న ఎడమచేత్తో చీటీ చాపాడు. మా ఇంట్లో ఎడమచేత్తో ఇచ్చింది తమలపాకైనా పుచ్చుకోరు. అలా టిక్కెట్టు ఇచ్చిన కండక్టరుతో పోట్లాడి మా నాన్నగారు బస్సు దిగిపోయి, మండుటెండలో ఇంటిదాకా నడిచారు. (బస్సు ఆయన కోసం ఆగలేదు.) కుడిచేత్తో ఇమ్మన్నాను. “గ్రీజు బాబూ, కాయితం పాడైపోద్ది,” అన్నాడు. నేను కిటికీలోంచి సముద్రం చూశాను. అతను చీటీని నా బల్లమీద పెట్టి, గాలికి ఎగరకుండా దానిమీద రాయి ఉంచి వెళ్లిపోయాడు. అది మరీ పొగరనిపించింది. నాలుగు రోజులు చీటీ అక్కడే ఉంది. మధ్యలో రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, దాన్ని చూసి తిరిగి వెళ్లాడు.

ఐదో రోజు బెల్టు ఆగిపోయింది. రేవులో ఓడ, ఓడలో బొగ్గు, మేనేజరు నోట్లో మా అందరి వంశాలూ. సాయంత్రం మీటింగు అన్నారు. వెళ్లేముందు చీటీ తీసి జేబులో వేసుకున్నాను, కుడిచేత్తోనే. రూట్ కాజ్ ఫారం ఆఖరి గడిలో ఎవరి తప్పు పడితే వాళ్ల గేటు పాసు ఆ పూటే వెనక్కి తీసుకునేవారు. ముందు బోర్డు మీద రాయమని సుద్దముక్క నా చేతికిచ్చారు. బెల్టు ఎందుకు ఆగింది? రోలరు పట్టేసింది. అదెందుకు? బేరింగు ఎండిపోయింది. ఎందుకు? గ్రీజు పెట్టలేదు. ఎందుకు? స్టోరు నుంచి డ్రమ్ము రాలేదు. ఐదో ఎందుకు దగ్గర నా చెయ్యి ఆగింది. గోడవారన నిలబడ్డ గ్రీజుబావ నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు, పరీక్షలో పక్కవాడు ఏం రాస్తాడా అన్నట్టు. ‘పనివాడు సకాలంలో అడగలేదు’ అని మంచి ఇంగ్లీషులో రాశాను. దస్తూరీ చాలా అందంగా కుదిరింది. మేనేజరు మెచ్చుకున్నాడు.

గేటు దగ్గర అతను పాసు అప్పగిస్తుంటే, మీటింగులో చెప్పి ఉండవలసింది కదా అన్నాను. అంత సిగ్గుమాలిన మాట మా వంశంలో ఎవరూ అని ఉండరు.

“నాను సెప్తే ఏటవుద్ది బాబూ? సుద్దముక్క మీ సేతిలో ఉంది. రాసీవోడి పేరు ఎప్పుడైనా బోర్డు మీద పడ్డాదా?”

చాలా ఏళ్లకి కంచరపాలెంలో నా స్కూటరు ముందు చక్రం బిగుసుకుపోయింది. తోసుకుంటూ వెళితే ఎదురైన రిపేరు కొట్టు అతనిదే. జుట్టు నెరిసింది. నన్ను పోల్చుకుని స్టూలు వేశాడు. పనయ్యాక కిరసనాయిలుతో కుడిచెయ్యి రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, అప్పుడు తాళంచెవి ఇచ్చాడు. అంతసేపూ నేను చెయ్యి చాపుకుని నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి గనక, ఎందుకు పట్టేసిందన్నాను.

“గ్రీజు లేదు బాబూ,” అన్నాడు.

రెండో ఎందుకు నేను అడగలేదు.

ఈమధ్య నా వెన్ను బొత్తిగా వంగడం మానేసింది. డాక్టరు కుర్రవాడు అటూ ఇటూ నొక్కి చూసి, రూట్ కాజ్ తేలాలంటే పరీక్షలు చేయించాలన్నాడు. అక్కర్లేదు బాబూ, అది నాకు తెలుసు అని, తెల్లచొక్కా బొత్తాలు పెట్టుకుని, నిటారుగా ఇంటికొచ్చేశాను.