లెక్కకు దొరకని మా ముత్తాత

మీసాలు వచ్చీరాని ఆ రోజుల్లో మనిషికి చెప్పుకోవడానికి సొంత గొప్పలేవీ ఉండవు కనుక తాతముత్తాతల గొప్పల మీద బతుకుతాడు. నేనూ అంతే. అరవై ఒకటి జనాభా లెక్కలకు, కొత్తగా బడిపంతులైన నన్ను కూడా వేశారు. భుజానికి సంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే సగం కలెక్టరునైపోయినట్టుండేది. ఆ ఊపులో ఒకరోజు బడిలో, "దొరల కాలంలో మొదటిసారి జనాన్ని లెక్కపెట్టినప్పుడు మా ఊళ్లో మొట్టమొదట రాసుకున్న పేరు మా ముత్తాతదే" అనేశాను. (ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, నోటికొచ్చింది.) మా హెడ్మాస్టరు ముక్కుపొడి పీల్చి, "అట్లయితే చూపీప్పా. అనంతపురంలో పాత కాగితాలుంటాయి గదా" అన్నాడు. తోటి పంతుళ్లంతా నా వైపే చూస్తున్నారు. ఇక పోక తప్పలేదు.

సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని బస్సెక్కాను. అది అనంతపురం చేరేసరికి నా చొక్కా ఎర్రమట్టి రంగులోకి మారింది. పాత రికార్డుల గదిలో ఉన్న గుమాస్తా నా కోరిక విని, "పేర్లా? పేర్లు రాసిన కాగితాలు అన్నేండ్లు ఎవురు దాచిపెడతారప్పా? ఊర్ల లెక్క మాత్రం అచ్చయి ఉండాది" అన్నాడు. నా ముఖం చూసి జాలిపడి ఆ ఇంగ్లీషు పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. మా తాలూకా దొరికింది, మా ఊరూ దొరికింది. దాని ఎదురుగా ఇళ్ల లెక్క లేదు, మనుషుల లెక్కా లేదు. 'జనం లేని ఊరు' అని మాత్రం ఉంది. గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమప్పా, మీ ముత్తాత లేనేలేడే! మరి నువ్వు యాడినుంచి వచ్చినావు?"

సాయంత్రం ఇల్లు చేరి, వేరుశెనక్కాయలు ఒలుస్తున్న మా అవ్వ ముందు కూలబడ్డాను. ముత్తాత ఆమెకు మామగారు. చెప్పిందంతా విని, "యాడ కనపడతాడురా? ఊరందర్నీ తోలుకొని కొండెక్కింది మా మామే గదా!" అంది. "తలకింత పన్ను ఏస్తారు, వయసు పిల్లోళ్లను ఓడలెక్కించి పరదేశాలకు తోలుతారు అని పుకారు లేసింది. పిల్లాజెల్లా, గొడ్డూగోదా అందర్నీ కొండమీద దాచినాడు. లెక్కలాయప్ప వచ్చి చూస్తే ఊర్లో కుంటిగాడిద ఒకటే ఉండింది. ఎవురూ లేరని రాసుకొని పోయినాడు."

నేను పగలబడి నవ్వాను. అవ్వ నవ్వలేదు.

"నగుతావేమిరా? కొన్నేండ్లకు ధాతు సంవత్సరం కరువొచ్చింది. గంజి పోసేకాడికి పోతే, మీ ఊర్లో మనుషులే లేరు, మీకు గంజేంది అన్నారంట. మా మామ నేరుగా పోయి దొర ముందర నిలబడినాడు. 'జనాన్ని దాచింది నేను. జైల్లో ఏస్తే నన్ను ఏసుకో. వీళ్లు మనుషులే, కండ్లారా చూసుకో దొరా' అన్నాడు. దొర ఒక్కొక్కర్నే చూసుకుంటా వచ్చినాడంట. ఊరందరూ తాగినంక, కడాన మా మామ గంజి తాగినాడు."

"జైల్లో వేయలేదా?"

"దొర నగి, మళ్లా కొండెక్కొద్దు పో అన్నాడంట."

"ఇంత కథ ఇన్నాళ్లూ చెప్పలేదేం అవ్వా?"

"నువ్వు ఎప్పుడు అడిగినావురా?"

మర్నాడు బడిలో హెడ్మాస్టరు బల్ల ముందు నిలబడి నేను కోసిన కోతల దగ్గర్నుంచి కుంటిగాడిద దాకా, గంజి దాకా అంతా చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానంటే పక్క తరగతి పిల్లలు ఎక్కాలు ఆపేసి గుమ్మం దగ్గర గుమిగూడారు. హెడ్మాస్టరు ముక్కుపొడి వేళ్ల మధ్యే ఉండిపోయింది. "లెక్కలో లేని మనిషి గురించి ఇంతగా అరుస్తాండావే! కూర్చోప్పా, టీ తాగు" అన్నాడు చివరికి.

ఇప్పుడు నాకు ఆనాటి అవ్వ వయసు వచ్చింది. గొప్పలు వెతుక్కుంటూ బస్సెక్కిన ఆ బక్కపంతులు గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ ఆ రోజు హెడ్మాస్టరు ముందు నిలబడి, పేరైనా అచ్చుకాని మనిషిని "మా ముత్తాత" అన్నప్పుడు ఆ కుర్రాడి గొంతు పలికిన తీరు తలచుకుంటే, వాణ్ణి ఎగతాళి చేయడానికి మనసొప్పదు.