దూది తిన్న జీపు

పుట్టింది దూది మిల్లుల ఊళ్లో, పెరిగింది మిల్లు ఈల వింటూ. అయినా దూదికి నూగు రాలుతుందని తెలుసుకోని మూర్ఖుణ్ణి నేను. ఆ తెలియనితనానికి ఒక డీజిల్ జీపూ, మా నాయన మామిడితోటా పోయాయి.

జీపు కొండమీది ఏలక్కాయ తోటవాళ్లు వాడి వదిలించుకున్నది. నాలుగు చక్రాలూ లాగుతాయి కనుక వాగు దాటి మా తోటదాకా పోగలదని కొన్నాను. నాయన పెద్దవాడైపోయాడు. "ఈ ఒక్క కాపు దించి చూపించరా. చేతకాకపోతే తోట మీ చిన్నాయనకు ఇచ్చేస్తా" అన్నాడు. చిన్నాయనకు ఎడ్లబండ్లు ఉన్నాయి. నాకు ఎడ్లంటే చిన్నచూపు.

బండి అప్పగించిన డ్రైవరు జాగ్రత్తలు చెప్పిపోయాడు. "రోజూ పొద్దున ఫిల్టరు కింద మర విప్పి నీళ్లు వదలండి. గాలి వడగట్టే తొట్టిలో ఆయిలు మార్చండి. వారానికొకసారి ముందుచక్రాల లివరు వేసి తోలండి, లేకుంటే పట్టేస్తాది. డీజిలు మట్టుకు శుద్ధంగా పోయండి."

మొదటి మూడూ నియమంగా చేశాను. నాలుగోదాన్ని భక్తిగా చేశాను, అక్కడే చెడింది. సత్రపట్టిలో నేసే గాయాలకట్టు గుడ్డ తెచ్చి, నాలుగు మడతలు వేసి, డీజిలంతా దానిలో వడపోశాను. పచ్చిపుండుమీద వేసే గుడ్డకన్నా శుభ్రమైనది ఏముంటుంది? మిల్లులో పనిచేసే మా అక్క మొగుడు కూడా మెచ్చుకున్నాడు. "ఇంజనుకు ఇంత ఉపచారమా! మీ అక్కకు జ్వరమొస్తే నేనిట్లా చేయలేదురా."

కొత్త గుడ్డ నూగు కంటికి కనబడదు. ఫిల్టరుకు కనబడింది. కాయ పక్వానికొచ్చి, మొదటి బరువుతో వాగు గట్టు ఎక్కుతుంటే జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. విప్పి చూస్తే ఫిల్టరు పూడిపోయి ఉంది. కొత్తది మదురై నుంచి రావాలి. కాయ ఆగదు.

"దానికేమిరా, దూదిని మించిన ఫిల్టరుందా?" అని బావ మిల్లునుంచి ఒడినిండా దూది తెచ్చినాడు. ఇద్దరం కలిసి ఫిల్టరు గిన్నెలో దిండుకు కూరినట్టు కూరాం. ఆశ్చర్యం, బండి కదిలింది! రెండు నడకలు తోటకు పోయొచ్చి కాయ దించాను. ఆ రెండు నడకలూ నేను ఊళ్లో మెడ తిప్పకుండా తిరిగాను. మూడో నడకలో జీపు దగ్గను కూడా లేదు.

తళవాయిపురం నుంచి బస్సులో మెకానిక్కు వచ్చి డీజిలు పంపు విప్పాడు. చిమటాతో నూగు లాగుతూనే ఉన్నాడు.

"ఏమయ్యా, ఇది ఇంజనా, తలగడా?"

"ఇంజనే."

"అట్లయితే తల పెట్టుకొని పండుకోండి. ఇంక దానికే పనికొస్తాది."

పంపు మదురై పోయింది. బాగుపడదన్న మాట మాత్రమే తిరిగొచ్చింది. ఈలోగా కాయ చెట్టుమీదే మాగి రాలింది. వాగు ఇవతలికి తియ్యటి కుళ్లు వాసన వచ్చేది. మిగిలినదాన్ని చిన్నాయన బండ్లు దించాయి; తిరిగొస్తూ ఆ ఎడ్లే జీపునూ ఈడ్చుకొచ్చాయి. నాయన తోట తాళంచెవి చిన్నాయన చేతిలో పెట్టాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంకో ఏడు అడిగేవాణ్ణేమో.

జీపు దొడ్లో నిలిచిపోయింది. నాకు మళ్లీ తోట దక్కలేదు.

ఆ ఏడు ఆయుధపూజనాడు చందనం, కుంకుమ గిన్నెలు పట్టుకొని ఇల్లంతా తిరిగాను. నీళ్ల మోటారుకు పెట్టాను, గడ్డపారకు పెట్టాను, అక్క కుట్టు మిషనుకు పెట్టాను, కత్తిపీటకు కూడా పెట్టాను. జీపు పక్కనుంచే నడిచి, బావ సైకిలుకు రెండు బొట్లు పెట్టాను.

"ఏమిరా, జీపును మరిచినావా?" అన్నాడు బావ.

"పనిచేసేవాటికే బావా."

"ఓహో. మరి నీ నొసట ఎందుకు పెట్టుకుంటివి?"

అందరూ నవ్వారు, నాయన తప్ప. నా బొట్టు నేను తుడుచుకోలేదు. జీపుకు మాత్రం పెట్టలేదు.