కరుణ తీసేసిన ‘బహుశా’

సూరత్ దగ్గరి పల్సానాలో మగ్గం నడిపే మొండయ్య కూతురు కరుణ, ఇంజినీర్లు రాసిన సాంకేతిక పత్రాల్లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తోంది. ఇవాళ్టి పత్రం, వర్చువల్ మెషీన్‌కు, అంటే కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్‌కు, ఎవరి ఊహకూ అందని అంకెలు అందించే పరికరం గురించి. నడుస్తున్న మెషీన్‌కు నకలు తీస్తే రెండింటికీ అవే అంకెలు రావచ్చన్న హెచ్చరిక అందులో లేదు.

"ఏంది బిడ్డా, కోపంగ పండ్లు కొరుకుతున్నవ్?" అన్నాడు మొండయ్య.

"ఒక్కటే డిజైన్ కార్డులు రెండు మగ్గాలకు ఎక్కిస్తే ఒక్కటే పువ్వు వడ్తది గద బాపూ. గిది గూడ గంతే. గా అంకెలతోనే మెషీన్ తన రహస్య తాళాలు చేస్కుంటది. అంకెలు ఒక్కటైతే తాళాలు ఒక్కటైతయ్, దొంగకు పండుగే. గది రాయలే వీళ్లు. ‘బహుశా మరిచారేమో’ అని రాసిన."

"బహుశానా? నీకు అనుమానం ఉన్నదా?"

"లేదు."

కరుణ ఆ మాట చెరిపేసింది. తన వ్యాఖ్య కింద, సూరత్ పద్ధతిలో తన పేరు పక్కన తండ్రి పేరు చేర్చి పంపింది: కరుణ మొండయ్య.