చర్చి మెట్ల మీద బ్రేకు

చర్చిలో నిండు జనం ముందు పెళ్ళికూతుర్ని మేలిముసుగు పట్టి వెనక్కి లాగేసిన మనిషెవరని రాజోలులో ఎవర్నడిగినా మా ఇంటికే దారి చూపిస్తారు. ఆ ఘోరం చెప్పి చెప్పి నా దవడలు అరిగిపోయాయి. మీకూ చెప్పేసి కాస్త నడుం వాలుస్తాను.

అప్పట్లో నాకు రాళ్ళెక్కే రిమోటు కారు పిచ్చి పట్టింది. మా కోనసీమలో ఓ గులకరాయి కావాలన్నా గోదావరి దాటాలి. అయినా కొన్నాను. కొబ్బరి డొక్కల గుట్టలే నా హిమాలయాలు. కుందేలంత బండి, ఏనుగంత బలం. దాని కడుపులో మోటారుని అదుపు చేసే అగ్గిపెట్టెంత కంట్రోలరు ఉంటుంది. పెంకితనమంతా దానిదే. రిమోటు మీది మీట లాగితే బండి ముందుకి, తోస్తే బ్రేకు. నా వేలు దానికే అలవాటు పడింది.

ఇంతలో మా అక్క కూతురు గ్రేస్ పెళ్ళి కుదిరింది. ఉంగరాలు నా బండెక్కి వేదిక మీదికి వస్తాయని ప్రకటించాను.

“ఒరే, పళ్ళెంలో పెట్టి తెస్తే అరిగిపోతావా?” అంది అక్క.

“ఈ పెళ్ళి జనం జన్మలో మర్చిపోకూడదక్కా!”

“అదేరా నా భయం. ఆ ఉంగరాలకేమైనా అయితే పిల్ల పెళ్ళి అల్లరైపోద్ది.”

బండి మెట్ల మీద జారకుండా పెళ్ళిరోజు పొద్దున్నే కంట్రోలరుకి కొండలెక్కే పద్ధతి పెట్టాను. ఆ పద్ధతిలో మీట వదిలేస్తే చాలు, చక్రాలు బిగుసుకుని బండి మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. తోస్తే మాత్రం బ్రేకు కాదు, నేరుగా రివర్సే! ఇదంతా నేను చదివాను. నా వేలికే చదివి వినిపించలేదు.

వేదిక మీద వధూవరులు. గ్రేస్ ముసుగు మెట్ల దాకా పాలపొంగులా జారి ఉంది. వీపున ఉంగరాల పెట్టెతో నా బండి ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఒకటే చప్పట్లు! పై మెట్టు చేరగానే మీట వదిలాను. ఆగింది. ఆగినదాన్ని ఆగనియ్యొచ్చు కదా? జారుతుందేమోనని మీట తోశాను.

బండి వెనక్కి దూకి ముసుగు అంచుని చక్రానికి చుట్టేసుకుంది. గ్రేస్ తల వెనక్కి వాలింది.

“ఆపండి మావయ్యా!”

“ఆపుతున్నానమ్మా!” అంటూ ఇంకా గట్టిగా తోశాను. అది ఇంకా గట్టిగా చుట్టింది.

“ఆపమంటే లాగుతారేంటండీ!”

“బ్రేకే కదమ్మా వేస్తున్నాను!”

పాస్టరుగారు నిదానంగా అన్నారు: “అయ్యా, చెయ్యి తియ్యండి.”

తీశాను. ఠక్కున ఆగింది. ఇప్పుడు చక్రాలు కదలవు, కట్టేస్తే చక్రాలు వదులయ్యే బండి స్విచ్చేమో ముసుగు చుట్టల కింద కూరుకుపోయింది. అక్క కత్తెర కోసం పరిగెత్తబోయింది.

“ముసుగు మీద కత్తెర పడిందో, నాకీ పెళ్ళే వద్దు!” అంది గ్రేస్.

సరిచేద్దామని నేను మళ్ళీ రిమోటు ఎత్తాను.

“వద్దండీ బాబూ,” అన్నారు పాస్టరుగారు. “బండి ఆగిపోయిందండి. ఇక మీరే ఆగాలి.”

పెళ్ళికొడుకు దేవుడిలాంటివాడు. ముసుగు చుట్టుకున్న బండిని చంటిబిడ్డలా ఎడంచేత్తో ఎత్తుకున్నాడు. గ్రేస్ పెట్టె మూత తెరిచింది. ఉంగరాలు భద్రం! అలాగే మార్చుకున్నారు, అలాగే ఫొటో దిగారు. ఆ ఆల్బమ్ చూసిన ప్రతి మామ్మగారూ కళ్ళజోడు సవరించుకుని, “ఆయ్, పెళ్ళినాటికే చంటాడాండీ?” అంటారు. సమాధానం చెప్పే డ్యూటీ అక్క నాకే వేసింది.

అందుచేత పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తనంతట తాను ఆగినదాన్ని ఈ జన్మలో మళ్ళీ ఆపను.