తలుపు దగ్గర కూసుని విన్న ఇంటర్వ్యూ

మా చెల్లె చిన్నప్పటి నుంచి కొత్తోళ్ల ముందు నోరు విప్పేది కాదు. మెడికల్ షాపుల జరం గోళీలు అడగాలన్నా నన్ను ముందుకు నెట్టి, వెనక నా అంగీ పట్టుకుని నిలబడేది. హైదరాబాద్‌ల ఎంబీఏకు పోయినంక కూడా ఇంటికొస్తే అదే తీరు. అట్లాంటి పిల్లను ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచిందంటే నాకు సంబురం కన్నా దిగులే ఎక్కువైంది.

అమ్మకు జరమొచ్చిందని చెల్లె ఇంటికొచ్చిన వారమే ఇంటర్వ్యూ పడ్డది. ఆన్‌లైన్‌లనే. పినపాక దాటినంక అడివి అంచుకుంటది మా తండా. ఫోన్ సిగ్నల్ ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వదు. అందుకని నేను బడికి సెలవు పెట్టి, పొద్దున్నే బండి మీద మణుగూరు తీసుకపోయిన. నాతోని పనిచేసే ఇంకో టీచర్‌కు అక్కడ మేడ మీద కిరాయి గది ఉంది. తాళంచెవి ముందురోజే ఇచ్చిండు.

ఫ్యాన్ చప్పుడు మైకుల వినవడుతదని చెల్లె బంద్ చేసింది. గది నిండ ఉక్క.

"నేను బయట ఉండాల్నా?" అన్న.

"వద్దన్నా, లోపటనే ఉండు. కెమెరాల మాత్రం కనవడకు."

తలుపుకు ఆనుకుని నేల మీద కూసున్న. అక్కడి నుంచి ఆమె మొఖం ఒక పక్క నుంచి కనవడుతున్నది. టేబుల్ కింద కాళ్లు మాత్రం పూర్తిగా కనవడుతున్నయి.

స్క్రీన్ మీద ఒక సారు, ఒక మేడం. మాటలన్నీ ఇంగ్లీషులనే. ఇంట్ల లంబాడీ, బడిల తెలుగు మాట్లాడుకుంట పెరిగినోళ్లం, నాకు అర్థమైనంత చెప్తున్న.

సారు ఒక కేసు, అంటే విప్పాల్సిన ఒక వ్యాపారం చిక్కు, ఇచ్చిండు. ఎయిర్‌పోర్టులల్ల కాఫీ షాపులు నడిపే కంపెనీ ఒకటున్నది. ప్రయాణికులు పెరుగుతున్నరు గానీ లాభం తగ్గుతున్నది. ఎందుకు? ఏం చెయ్యాలె?

మా ఇంట్ల ఎవ్వరం ఎయిర్‌పోర్టు గేటు కూడా చూడలేదు. ఏదో ఒకటి తెలిసినట్టు చెప్పు తల్లీ అని లోలోపల మొక్కుకున్న.

చెల్లె మాత్రం, "సర్, నేను ఇంతవరకు ఎయిర్‌పోర్టు లోపలికి పోలేదు. ముందు కొన్ని విషయాలు అడిగి తెలుసుకుంట" అన్నది. గొంతుల సిగ్గు లేదు, బతిమాలుడు లేదు. దాహమైతే నీళ్లడిగినంత మామూలుగా అడిగింది. మనుషులు ఎక్కువసేపు ఎక్కడ ఆగుతరు? షాపు కిరాయి ఎట్ల కడతరు? రద్దీ ఎప్పుడుంటది? మేడం కుర్చీల ముందుకు జరిగి జవాబులు చెప్పవట్టింది.

గప్పుడే కింద రోడ్డు మీద బొగ్గు లారీలు వరుసగా పోయినయి. కిటికీ దడదడలాడింది. నేనైతే నాలుగుసార్లు సారీ చెప్పేవాణ్ణి. చెల్లె చెయ్యెత్తి, "ఇది బొగ్గు గనుల ఊరు. లారీలు పోయినంక చెప్త" అని నవ్వింది. అటువాళ్లు కూడా నవ్వుకుంట ఆగిన్రు.

తర్వాత లెక్కలకు దిగింది. ఒక కాడ సారు ఆపి, "ఆర్ యూ ష్యూర్?" అన్నడు. ఆమె కాయితం మీదికి వంగింది. అయిపోయింది అనుకున్న.

"లేదు సర్. ఒక సున్నా ఎక్కువ పడ్డది. దాంతోని నేను ఇందాక చెప్పిన మాట కూడా మారుతది" అని మళ్లీ మొదటి నుంచి చేసింది. కంగారు లేదు.

చివరికి తన సలహా చెప్పింది. రద్దీ టైముల క్యూ చూసి జనం కొనకుండనే పోతున్నరు, ధర పెంచుడు కాదు, క్యూ తగ్గించాలె అని.

"చాలామంది ధర పెంచాలంటరు. ఆర్ యూ ష్యూర్?" సారు మళ్లా అడిగిండు. ఈసారి గొంతు కటువుగా ఉంది.

"మీరిచ్చిన లెక్కల ప్రకారం ష్యూర్ సర్. వేరే లెక్క ఉంటే చూపియ్యండి, మార్చుకుంట."

అప్పుడు నా చూపు టేబుల్ కిందికి పోయింది. చెల్లె మోకాళ్లు గజగజ వణుకుతున్నయి. వణుకు ఆపుదామని ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టి అదిమి పట్టింది. పైన మొఖం చూస్తే చెరువు నీళ్ల లెక్క నిలకడగున్నది. కింద అంత వణుకు, పైన అంత నిదానం ఒక్క మనిషిల ఎట్ల ఇమిడినయో! కండ్లల్ల నీళ్లు తిరిగినయి. చప్పుడు వినవడుతదని ముక్కు కూడా ఎగబీల్చలేదు.

అయిపోయినంక కిందికి దిగి చెరుకు రసం తాగినం.

"భయం కాలేదా?" అన్న.

"మస్తయింది. భయం పోవాల్నంటే నాతోని కాదు. అది ఉండంగనే మాట్లాడుడు నేర్చుకున్న."

"ఎప్పుడు నేర్చుకున్నవే?"

"హాస్టల్‌ల. రోజూ అద్దం ముందట. ఏడ్చుకుంట కూడా."

వచ్చేటప్పుడు బండి నెమ్మదిగా నడిపిన. వెనక కూసున్నది నేను ఎత్తుకుని తిప్పిన పిల్లనే, కానీ ఇయ్యాలే కొత్తగా పరిచయమైనట్టు అనిపించింది.

ఇంకో రౌండు హైదరాబాద్‌ల జరిగింది. దానికి ఒక్కతే పోయింది. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసిన రోజు నేను క్లాసుల ఉన్న. పిల్లలు ఏమైంది సారూ అని అడిగితే, మా చెల్లెకు నౌకరీ వచ్చిందని చెప్పి, సంబురానికి కుర్చీల కూసోలేక, పాఠం మొత్తం నిలబడే చెప్పిన.